పెద్దపడవ మోజు

పోయిన కార్తీకంలో మా తమ్ముడు ఇంటికి రెండు పడవలు తెచ్చాడు.

కంగారుపడకండి. పడవలు కావు, పడవల బొమ్మలు. నున్నటి కాగితాల మీద అచ్చొత్తిన రంగుల బొమ్మలు. రాత్రి భోజనాలయ్యాక మా అమ్మ మంచం మీద ఆ రెండూ పక్కపక్కన పరిచి, పెళ్లిసంబంధాల ఫోటోలు చూపించే పేరయ్యలాగా గొంతు సవరించుకుని, "చూడక్కా, ఏది బాగుందో నువ్వే చెప్పు" అన్నాడు.

ఒకటి రెండంతస్తుల బోటు. కింద అద్దాల గది, అందులో ఏసీ. పైన డెక్కు, డెక్కు మీద కుర్చీలు, ఓ మూల నిలువెత్తు స్పీకర్లు. యాభై మంది ఎక్కవచ్చట. రెండోది పది మంది పట్టే చిన్న మరబోటు. ఎండకు పైన ఓ గుడ్డ పందిరి, కూర్చోవడానికి రెండు వరసల బల్లలు, అంతే. పెద్దదాని పక్కన పెడితే పట్టుచీర కట్టుకున్న వదినగారి పక్కన నిలబడ్డ పనిపిల్లలా ఉంది పాపం.

ఏది బాగుందని నన్నడిగాడే గాని, వాడి వేలు మాత్రం పెద్దదాని మీద నుంచి కదల్లేదు.

అసలు సంగతి చెప్పాలి. మా వాడికి అవుకు జలాశయంలోనో, గండికోట దగ్గరో అనుమతులు సంపాదించి విహారపు బోటు నడపాలని కోరిక. బెలుం గుహలు చూడటానికి వచ్చేవాళ్లు, గండికోట లోయ చూడటానికి వచ్చేవాళ్లు ఏటా పెరుగుతున్నారు. వాళ్లు ఓ గంట నీళ్ల మీద తిరిగిపోతే తప్పేముంది? ఏమీ లేదు. నీళ్లు చూడక మొహం వాచిన దేశం మాది. పిల్లల్ని ఎక్కించుకుని నీళ్ల మీద తిరగాలన్న సరదా మా సీమవాళ్లకు ఉండకూడదని ఏ శాస్త్రంలో ఉంది? కాబట్టి బోటు కొనడం మీద నాకు పేచీ లేదు. పేచీ అంతా పెద్దదాని మీదే.

పెట్టుబడికి బ్యాంకు అప్పు కావాలి. అప్పుకు హామీ కావాలి. ఆ హామీ, నంద్యాల దగ్గర కె.సి. కాలువ కింద మా అమ్మ పేర ఉన్న మూడెకరాల మాగాణి. దానికి అమ్మ వేలిముద్రతో పాటు నా సంతకం కూడా ఉంటే మంచిదని బ్యాంకువాళ్లు అన్నారట. అందుకే ఈ పెళ్లిచూపులు. బోటు ధర ఎంతో ఇక్కడ రాయను. రాస్తే సంపాదకులు అచ్చుతప్పేమోనని ఓ సున్నా కొట్టేస్తారు.

"చిన్నదే కొనరా" అన్నాను.

ఇంట్లో అందరూ నా వైపు జాలిగా చూశారు. కథలు రాసుకునే మనిషికి వ్యాపారం ఏం తెలుస్తుందన్నట్టు. మావారైతే నోరు విప్పి అనేశారు కూడా. "నువ్వు చదివింది బి.ఏ. చరిత్ర. ఇది ఇంజనీరింగు. పెద్ద బస్సు భద్రమా, ఆటో భద్రమా? పడవైనా అంతే."

ఈ బస్సూ ఆటో సామెత ఒక్క మావారిదే కాదు. ఎవర్ని కదిపినా ఇదే మాట. పెద్దదైతే భద్రం, పెద్దదైతే లాభం, పెద్దదైతే మన సీమకూ ఓ గొప్ప. ఈ మూడు మాటలూ మూడు అబద్ధాలని నా వాదన. చరిత్ర చదివినదాన్ని గనుక చరిత్రతోనే మొదలుపెడతాను.

మా మాగాణికి నీళ్లిచ్చే కె.సి. కాలువ, అంటే కర్నూలు-కడప కాలువ, అసలు ఎందుకు తవ్వారో మీలో ఎందరికి తెలుసు? పొలాలకు నీళ్లతో పాటు పడవల కోసం కూడా! 1860లలో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అనే తెల్లదొరల కంపెనీ, సుంకేసుల దగ్గర తుంగభద్రకు అడ్డుకట్ట వేసి, అక్కడ్నించి కడప దాకా 300 కిలోమీటర్లకు పైగా కాలువ తవ్వింది. సరుకుల పడవలు ఎక్కి దిగడానికి లాకులు కట్టింది. ఒక చేత్తో నీటితీరువా, ఇంకో చేత్తో పడవల సుంకం వసూలు చేసుకుందామని లెక్క వేసింది. కాగితం మీద లెక్క బ్రహ్మాండంగా ఉంది. సీమలో మాత్రం నీళ్లు కాగితం చూసి రావు కదా! పడవలు అనుకున్నట్టు నడవలేదు, తీరువా అనుకున్నట్టు రాలేదు. కంపెనీ నిండా మునిగింది. చివరికి 1882లో ప్రభుత్వమే ఆ కాలువను కొనుక్కోవాల్సి వచ్చింది.

గమనించండి. కాలువ చెడ్డది కాదు. ఈనాటికీ మా అన్నం అదే. చెడ్డది, ఈ నేల మీద పడని వానను నమ్ముకుని వేసిన పెద్ద లెక్క. మా తమ్ముడు సరిగ్గా ఆ కాలువ కింది పొలాన్నే తాకట్టు పెట్టి అలాంటి లెక్కే వేస్తానంటున్నాడు. చరిత్రకు హాస్యం తెలియదని ఎవరన్నారు?

ఇప్పుడు భద్రం సంగతి.

సముద్రంలో పెద్ద ఓడే మేలు. నేను కాదనను. అక్కడ లోతుంది, ఓడ అడుగున తగిన బరువుంది, ఏడాది పొడుగునా నీళ్లున్నాయి. మన జలాశయాలు సముద్రాలు కావు. ఇవి నిండే చెరువులు, ఎండే చెరువులు. శ్రీశైలం జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. వానాకాలం అక్కడ నిలబడి చూస్తే సముద్రమే. వేసవిలో అదే చోట నీళ్లు దిగి, దిగి, నదులు కలిసేచోట మునిగి ఉన్న సంగమేశ్వరం గుడి మెల్లగా తల పైకెత్తుతుంది. ముందు శిఖరం, తర్వాత గోడలు, ఆఖరికి గర్భగుడి. భక్తులకు అదొక మహిమ. బోటు నడిపేవాడికి మాత్రం అదొక హెచ్చరిక. ఇక్కడ నీటి కింద ఏముందో, అది ఇవాళ ఎంత లోతులో ఉందో నిన్నటి లెక్క చెప్పదు. గోడలుంటాయి, మొద్దులుంటాయి, పాత బావుల గట్లుంటాయి. బరువుతో లోతుగా కూర్చునే పెద్ద బోటుకు అవి తగిలినప్పుడు, చిన్న పడవ పైనుంచే దాటిపోతుంది.

ఆ గోడలు ఎవరివో కూడా ఓసారి తలుచుకోవాలి. గండికోట జలాశయం దాదాపు 27 టి.ఎం.సి.లది. అది నిండటానికి తాళ్లప్రొద్దుటూరు లాంటి ఊళ్లు ఊళ్లే లేచిపోయాయి. శ్రీశైలం కింద మునిగిన పల్లెల కథలు కర్నూలు జిల్లాలో ఇప్పటికీ ముసలివాళ్లు చెబుతారు. వాళ్ల పొయ్యిగడ్డల మీద, వాళ్ల అరుగుల మీద ఈ నీళ్లు నిలిచాయి. ఆ నీళ్ల మీద మనం విహారం చేయకూడదనను. కానీ నిలువెత్తు స్పీకర్లు పెట్టి గంతులేస్తూ తిరగాల్సిన చోటు అది కాదని మాత్రం అంటాను. ఇది చాదస్తం అంటే చాదస్తమే.

సరే, బోటు నిర్మాణం. నేను ఇంజనీర్ని కాను గాని, జొన్నచొప్ప బండి చూసి పెరిగినదాన్ని. చొప్పను బండి తొట్టెలో సర్దితే గతుకులొచ్చినా బండి పోతుంది. దాన్నే మిద్దె ఎత్తున పైకి పేర్చి మోకులు కడితే, ఒక్క చక్రం గుంటలో దిగితే చాలు, బండి పక్కకు ఒరుగుతుంది. బరువు కింద ఉండటం వేరు, పైన ఉండటం వేరు. రెండంతస్తుల బోటులో పై డెక్కుకు ఎక్కేది చొప్ప కూడా కాదు, మనుషులు. చొప్ప కట్టినచోట ఉంటుంది. మనుషులు ఉండరు. "అదిగో!" అని ఎవరో అంటారు, అందరూ అటువైపే పరుగెత్తుతారు.

2009 సెప్టెంబరు 30న కేరళలోని తేక్కడి సరస్సులో జరిగింది ఇదే. జలకన్యక అనే రెండంతస్తుల బోటు. గట్టు మీద అడవి జంతువులు కనపడితే జనం చూడటానికి ఓ పక్కకు చేరారు. బోటు ఒరిగింది. 45 మంది పోయారు. 2023 మే 7న మళ్లీ కేరళలోనే, తానూరులో, రెండంతస్తుల బోటే, పట్టగలిగినదానికన్నా ఎక్కువ మంది. 22 మంది పోయారు, అందులో పసిపిల్లలు.

మన గోదావరి సంగతి మనకు తెలియంది కాదు. 2019 సెప్టెంబరు 15, ఆదివారం. పాపికొండలు చూడటానికి బయలుదేరిన రాయల్ వశిష్ఠ కచ్చులూరు దగ్గర వరద సుడిలో మునిగిపోయింది. 70 మందికి పైగా ఎక్కితే 50 మంది దాకా తిరిగి రాలేదు. బోటును నీళ్లలోంచి పైకి లాగడానికే 38 రోజులు పట్టింది, కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం బృందం లాగితే గాని రాలేదు. అందరూ ఇవి చెప్పుకుంటారు. ఇంకొక్క మాట మాత్రం మరిచిపోతారు. ఆ రోజు నీళ్లలో కొట్టుకుపోతున్నవాళ్లను బయటికి లాగింది ఎవరు? పక్క పల్లెలవాళ్లు, తమ చిన్న చిన్న పడవలేసుకుని వెళ్లి. పెద్ద పడవ ముంచిందాన్ని చిన్న పడవ తేల్చింది. బస్సూ ఆటో సామెత చెప్పేవాళ్లు దీనికేం చెబుతారు?

బస్సు ఆగిపోతే దిగి నిలబడతాం. నీళ్ల మీద దిగి నిలబడేదెక్కడ? అద్దాల గదిలో ఏసీ కోసం తలుపులు బిగించుకుని కూర్చున్నవాళ్లకు తలుపు దాకా వెళ్లడమే ఒక ప్రయాణం.

నేను కూడా ఒకసారి అలాంటి బోటెక్కాను. ఎక్కడో చెప్పను, ఎవరిదో అసలే చెప్పను. మా అమ్మాయికి అప్పుడు ఎనిమిదేళ్లు. లైఫ్ జాకెట్లు ఓ మూల కుప్పగా, తాడుతో కట్టేసి ఉన్నాయి. దొంగలెత్తుకుపోతారని కాబోలు! "ఇవ్వరా?" అంటే, "ఎందుకమ్మా, ఫోటోల్లో బాగుండవు" అన్నాడు టిక్కెట్లబ్బాయి. నడినీళ్లలోకి పోయాక పొద్దు గుంకుతోందని అందరూ పడమటి వైపు కమ్మీలకు చేరి ఫోన్లు ఎత్తారు. కాళ్ల కింద పలక మెల్లగా వాలింది. ఓ ప్లాస్టిక్ కుర్చీ దానంతట అది జరుగుతూ వెళ్లి మా అమ్మాయి కాలికి తగిలింది. సరంగు కింద నుంచి గట్టిగా అరిచాడు. ఆ అరుపు స్పీకర్ల హోరులో ఎవరికీ వినపడలేదు. అతని నోరు కదలడం మాత్రం నేను చూశాను. ఏమీ కాలేదు, ఒడ్డుకొచ్చాం, వేడి వేడి బజ్జీలు తిన్నాం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

చిన్న పడవలో సరంగుకు ప్రతి మనిషీ కనపడతాడు. ప్రతి మనిషికీ అతని గొంతు వినపడుతుంది. "కూర్చోండి" అంటే కూర్చుంటారు. నా లెక్కలో సగం భద్రం ఇదే.

ఇంక లాభం. ఇక్కడే మా తమ్ముడికి నాకూ అసలు యుద్ధం.

"యాభై మందిని ఎక్కిస్తే ఎంత, పది మందిని ఎక్కిస్తే ఎంత, నువ్వే లెక్కేసుకో అక్కా" అంటాడు వాడు.

"యాభై మంది ఎప్పుడొస్తార్రా?"

"ఆదివారాలు వస్తారు. కార్తీకమాసంలో, సంక్రాంతి సెలవుల్లో రోజూ వస్తారు."

"మంగళవారం వస్తారా? ఏప్రిల్లో వస్తారా? నీళ్లు దిగిపోయి రేవు నుంచి బురదలో అరమైలు నడవాల్సిన రోజుల్లో వస్తారా?"

వాడు మాట్లాడలేదు. వాయిదా మాత్రం మంగళవారం ఉన్నా, ఏప్రిల్ ఉన్నా, నెల తిరిగేసరికి వస్తుంది. బ్యాంకువాడికి కార్తీకమాసం లేదు, ఎండాకాలం లేదు.

ఇక చూడండి, ఆ పెద్దపడవ యజమాని పరిస్థితి. ఐదుగురొచ్చినా యాభై మందికి కావలసినంత డీజిలు పోయాలి. ముగ్గురు పనివాళ్లకు జీతాలియ్యాలి. ఐదుగురితో బయలుదేరితే నష్టం గనుక ఇరవై మంది వచ్చేదాకా ఆగుతాడు. వచ్చినవాళ్లు విసుక్కుంటారు. ఆదివారం వచ్చేసరికి వారమంతా పోయింది ఆ ఒక్కపూటే రాబట్టాలి. యాభై పట్టేదాంట్లో "ఇంకో పది మందేగా" అంటాడు. గాలి లేస్తుంది. మా సీమలో వేసవి సాయంత్రాలు లేచే గాలివాన మీరు చూసే ఉంటారు, చెప్పి రాదు. ఎత్తైన బోటు ఆ గాలికి పందిట్లో గుడ్డలాగా దొరుకుతుంది. "ఇవాళ వద్దులే" అనాలని సరంగుకు తెలుసు. అనగలడా? రేవులో అరవై టిక్కెట్లు తెగి ఉన్నాయి. వెనక వాయిదా ఉంది. వాయిదా వెనక మాగాణి ఉంది. మాగాణి వెనక అమ్మ ఉంది.

పెద్దపడవను నడిపేది ఇంజను కాదు, అప్పు. చుక్కాని ఉండేది సరంగు చేతిలో కాదు, వాయిదా చేతిలో. ఒడ్డున కట్టేసి ఉంచగలిగినవాడే పడవ నడపటానికి అర్హుడు. "ఇవాళ గాలి బాగాలేదు, రేపు రండి" అని చెప్పడానికి స్థోమత కావాలి. ఆ స్థోమత చిన్న పడవకుంది, పెద్దదానికి లేదు. నేను చిన్నది కొనమనేది ఈ ఒక్క కారణానికే. మిగతావన్నీ దీనికి తోడొచ్చినవే.

ఈ పాఠం నేను పుస్తకాల్లో నేర్చుకోలేదు. నాకు నేర్పినవాడు బడికి వెళ్లిన మనిషి కూడా కాడేమో.

2009 అక్టోబరు 2. తేక్కడిలో ఆ బోటు మునిగిన రెండో రోజు. కర్నూలును తుంగభద్రా, హంద్రీ కలిసి ముంచేశాయి. శ్రీశైలంలో ఆ యేడు నీళ్లు 896 అడుగులు దాటాయి. అప్పటికి నేను పురుటికొచ్చి పాతబస్తీలో పుట్టింట్లోనే ఉన్నాను. మా అమ్మాయి మూడు నెలల పసిగుడ్డు. సాయంత్రానికి నీళ్లు గడప ఎక్కాయి, చీకటి పడేసరికి కిటికీలెక్కాయి. మేమంతా మిద్దెకెక్కాం. ఆ రాత్రి మా వీధి చేసిన చప్పుడు నేనింతవరకు ఏ నవల్లోనూ రాయలేదు. రాయలేను.

మర్నాడు పెద్ద మరబోటు ఒకటి మెయిన్ రోడ్డు దాకా వచ్చిందని మిద్దెల మీద నుంచి మిద్దెల మీదికి కేకలు వినవచ్చాయి. మా సందులోకి అది రాలేకపోయింది. కరెంటు తీగలు, కూలిన గోడలు, కొట్టుకొచ్చిన సామాను. వచ్చింది ఓ పుట్టి.

పుట్టి తెలియనివాళ్లకు చెబుతాను. వెదురు బద్దలతో అల్లిన పెద్ద గుండ్రటి బుట్ట. వెనకటికి తోలు కప్పేవాళ్లు, ఇప్పుడు పట్టా కప్పి తారు పూస్తారు. ముందూ వెనకా లేదు. ఒక్క మనిషి, ఒక్క తెడ్డు. పని అయిపోతే బోర్లించి నెత్తిన పెట్టుకుని ఇంటికి పోతాడు. 16వ శతాబ్దంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డోమింగో పేస్ తుంగభద్ర మీద ఈ బుట్టపడవలనే చూసి ఆశ్చర్యపోయి రాసుకున్నాడు. కేరళవాళ్లకు వాళ్ల నీళ్లకు తగ్గ కెట్టువళ్లం ఉన్నట్టు, మన రాళ్ల నదికి, పొంగే నదికి, ఎండే నదికి మనవాళ్లు తయారుచేసుకున్న పడవ ఇది. వాళ్లదాన్ని తెచ్చి మన చెరువులో పెడితే గొప్ప రాదు, బురద వస్తుంది.

ఆ పుట్టి మనిషి మా మెట్ల దగ్గర ఆపి, "ముగ్గురే" అన్నాడు. మేం ఏడుగురం. నేను, పాప, మా నాయనమ్మ ముందు ఎక్కాం. నాన్న జేబులోంచి తడిసిన నోట్లు తీసి, "ఇంకొక్కర్ని ఎక్కించుకో నాయనా, అబ్బాయి చిన్నోడు" అన్నాడు. ఆ మనిషి నోట్ల వైపు చూసి, "నోటు తేల్తాది సామీ, మనిషే మునుగుతాడు. మళ్లా వస్తా" అన్నాడు.

మళ్లీ వచ్చాడు. మళ్లీ వెళ్లాడు. మూడోసారి కూడా వచ్చాడు. అతనికి మేం ఏ ఊరివాళ్లమో, ఏ కులంవాళ్లమో అక్కర్లేకపోయింది. "ముగ్గురే" అన్న మాట మీద మాత్రం నిలబడ్డాడు. ఆ మూడోసారి దాకా మిద్దె మీద ఒంటరిగా నిలబడి ఉన్నది ఎవరనుకున్నారు? ఇప్పుడు రెండంతస్తుల బోటు బొమ్మ పట్టుకుని తిరుగుతున్న మా తమ్ముడే. అప్పుడు వాడికి పందొమ్మిదేళ్లు.

ఇక్కడ నన్ను ఎదిరించేవాళ్లు ఓ మాట అంటారు, అది న్యాయమైన మాటే. చిన్న పడవలు మునగలేదా? మునిగాయి. 2007 జనవరిలో శ్రీశైలం వెనక నీళ్లలో మంచాలకట్ట దగ్గర మునిగింది పెద్దబోటు కాదు, మామూలు పడవే. ఎన్నో కుటుంబాలు దీపం లేకుండా పోయాయి. 2017 నవంబరు 12న విజయవాడ దగ్గర, కృష్ణా గోదావరి నీళ్లు కలిసే పవిత్ర సంగమం దగ్గర, కార్తీక ఆదివారం నాడు బోల్తాపడింది కూడా రెండంతస్తుల బోటేం కాదు. 20 మందికి పైగా పోయారు. ఒంగోలు నుంచి విహారానికి వచ్చినవాళ్లే ఎక్కువ.

నేను దాచను. కానీ ఈ రెండు చోట్లా ముంచింది చిన్నతనం కాదు, చిన్నదాన్ని పెద్దదనుకోవడం. పది మంది పట్టేచోట ఇరవై మందిని, ముప్ఫై మందిని ఎక్కిస్తే అది చిన్న పడవ ఎట్లా అవుతుంది? పెద్దపడవ మోజు చిన్న పడవలోకి కూడా ఎక్కగలదు, అదే దాని ప్రమాదం. "ముగ్గురే" అనే నోరు లేకపోతే పుట్టి కూడా రాయల్ వశిష్ఠే.

చట్టం లేదా అంటే ఉంది. 1917 నాటి పాత చట్టం తీసేసి 2021లో ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం కొత్తగా తెచ్చారు. బోటు రిజిస్టరు కావాలి, తనిఖీ కావాలి, ప్రాణరక్షణ సామాగ్రి ఉండాలి. మంచిదే. కానీ తనిఖీ చేసే అధికారి ఏడాదికోసారి వస్తాడు. గాలి రోజూ వస్తుంది. అధికారి లేని రోజున కూడా "వద్దు" అనే మనిషి రేవులో ఒకడుండాలి. అతనికి ఆ మాట అనే ధైర్యం ఇచ్చేది చట్టం ఒక్కటే కాదు, అప్పు లేకపోవడం కూడా.

కాబట్టి నేనడిగేది ఇది. మా అవుకులో, మైలవరంలో, గండికోటలో, సంగమేశ్వరం దారిలో చిన్న పడవలే తిరగనివ్వండి. నడపటానికి ఎక్కడెక్కడి వాళ్లనో తేవద్దు. ఆ నీళ్లలో వలలు వేసి బతుకుతున్నవాళ్లకే నేర్పి, వాళ్లకే జీతాలివ్వండి. నీటి కింద ఏ గోడ ఎక్కడుందో వాళ్లకన్నా ఎవరికి తెలుసు? పడవ మీద ఎంతమంది ఎక్కవచ్చో తెలుగులో, అంకెల్లో, చదువురాని మనిషికి కూడా కనిపించేంత పెద్దగా రాయండి. జాకెట్టు తొడుక్కోనివాళ్లకు టిక్కెట్టు ఇవ్వకండి. ఫోటోలో బాగుండకపోతే పోయె! పొద్దు గుంకేలోపు పడవ ఒడ్డుకు రావాలి. ఇక చదువుతున్న మీరు, ముఖ్యంగా పిల్లల్ని వెంటేసుకుని వెళ్లే తల్లులు, "ఇంకొక్కరు సర్దుకోండి" అన్నప్పుడు సర్దుకోకండి. మొహమాటం బస్సులో చెల్లుతుంది, రైల్లో చెల్లుతుంది. నీళ్ల మీద చెల్లదు. దిగిపోండి. డబ్బులు పోతే పోనివ్వండి.

ఇదంతా మా తమ్ముడికి చెప్పాను. ఇంత పొడుగ్గా కాదులెండి, మధ్యలో మూడుసార్లు లేచి వెళ్లాడు. చివరికి, "నువ్వు భయస్తురాలివక్కా. పెద్దగా ఆలోచించకపోతే మన సీమ ఎప్పుడు బాగుపడాల?" అన్నాడు.

ఆ మాట నాకు తగిలింది. అబద్ధం ఎందుకు, బాగానే తగిలింది. నీళ్లు లేవని, వానలు లేవని, మాకు ఎప్పుడూ చిన్నదే చాలని అందరూ చెబుతూనే వచ్చారు. ఇప్పుడు సొంత అక్క కూడా అదే చెబితే వాడికి కడుపు మండదా? కానీ పెద్దగా ఆలోచించడం వేరు, పెద్దది కొనడం వేరు. ఒకే పెద్దబోటు బదులు ఐదేళ్లలో ఐదు చిన్నవి కొనరా, ఒకటి చెడితే నాలుగు తిరుగుతాయి, నీళ్లు దిగితే నీళ్లున్న చోటికి లారీలో ఎక్కించి తీసుకుపోవచ్చు అన్నాను. అది కూడా పెద్ద ఆలోచనే కదా?

అంతవరకు నోరు విప్పకుండా మంచం మీద రెండు బొమ్మలనూ తిరగేసి మరగేసి చూస్తున్న మా అమ్మ, అప్పుడు అడిగింది.

"ఒరే అబ్బోడా, ఈ పెద్ద దాంట్లో 'ముగ్గురే' అని చెప్పేవాడు యాడ కూచుంటాడ్రా?"

మా తమ్ముడు బొమ్మ చేతిలోకి తీసుకుని చూశాడు. చాలాసేపు చూశాడు. జవాబు చెప్పలేదు. కాగితాలు రెండూ మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

బ్యాంకు కాగితాలు నా బల్ల మీద ఇంకా అలాగే ఉన్నాయి. వాడు చిన్నదని రాసుకొచ్చిన రోజున, చదవకుండానే సంతకం పెడతాను. పెద్దదని రాసుకొస్తే మాత్రం, తోడబుట్టినవాడు అలిగితే అలగనీ, సంతకం పెట్టను. అలక నాలుగు నాళ్లకు తీరుతుంది. మిద్దె మీద ఒంటరిగా నిలబడ్డ ఆ పిల్లాడి మొహం నేను ఇంకోసారి చూడలేను.